కింగ్ స్నేక్ పెంపక వంశాలలో వర్ణ భేదాలు

కింగ్ స్నేక్‌లు అమెరికా ఖండాలలో నివసించే విషరహిత సర్పాలు. ఇవి కొలుబ్రిడే కుటుంబములోని లాంప్రోపెల్టిస్ ప్రజాతికి చెందినవి. వీటిలో పలు జాతులను, ముఖ్యముగా కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌ను, కొన్ని దశాబ్దాలుగా మనుషులు పంజరాలలో పెంచి, తరతరాలుగా పిల్లలను పుట్టిస్తున్నారు. ఈ పెంపకము వలన ప్రకృతిలో అరుదుగా కనిపించే రంగులు, లేదా అసలు కనిపించని రంగుల కలయికలు స్థిరమైన వంశాలుగా ఏర్పడినవి. వీటిని పెంపకందారులు మార్ఫ్‌లు అని పిలుస్తారు. ఈ వ్యాసంలో వీటిని వర్ణ రూపాలు అని వ్యవహరించడమైనది.

కింగ్ స్నేక్‌ల రంగు చూసి వాటి జాతిని గాని, వంశాన్ని గాని నిర్ణయించడం చాలాసార్లు పొరపాటుకు దారి తీసినది. ఒకే తల్లి పిల్లలను శాస్త్రజ్ఞులు రెండు జాతులుగా భావించిన సందర్భాలున్నవి. పెంపకములో కూడా పాము పైకి కనిపించే రంగు ఒకటి, లోపల మోసుకొని వచ్చే జన్యువులు మరొకటి కావచ్చును. అందువలననే ఈ పాముల విషయంలో వంశ చరిత్రకు అంత ప్రాధాన్యము కలిగినది.

పేరు, వర్గీకరణ

లాంప్రోపెల్టిస్ అనే పేరు గ్రీకు భాషలోని రెండు పదాల నుండి వచ్చినది. లాంప్రోస్ అనగా మెరిసే, పెల్టే అనగా డాలు అని అర్థం. నున్నగా మెరిసే పొలుసుల వలన ఈ పేరు పెట్టబడినది. ఈ ప్రజాతిని 1843లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఫిట్జింగర్ ఏర్పరచాడు. ఇతర పాములను పట్టి తినడం, రాటిల్ స్నేక్ విషానికి నిరోధక శక్తి కలిగి ఉండడం వలన వీటికి రాజు అనే అర్థం వచ్చే కింగ్ అన్న విశేషణం చేరినది. ఇవి తమ ఎరను శరీరంతో చుట్టి, బిగించి చంపుతాయి. ఎలుకలు, బల్లులు, పక్షులు, గుడ్లు కూడా వీటి ఆహారం.

కాలిఫోర్నియా కింగ్ స్నేక్ శాస్త్రీయ నామం లాంప్రోపెల్టిస్ కాలిఫోర్నియే. పాత పుస్తకాలలో దీనిని లాంప్రోపెల్టిస్ గెటులా అనే జాతికి ఉపజాతిగా చూపించారు. 2009లో పైరన్, బర్‌బ్రింక్ అనే పరిశోధకులు జన్యు ఆధారాలతో గెటులా సమూహాన్ని ఐదు జాతులుగా విభజించడంతో ఇది ప్రత్యేక జాతి అయినది. మిల్క్ స్నేక్ అని పిలువబడే పాములు కూడా ఈ ప్రజాతిలోనివే.

రాచనాగు అని మనం పిలిచే కింగ్ కోబ్రాకు, కింగ్ స్నేక్‌కు సంబంధం లేదు. రాచనాగు తీవ్రమైన విషం గల ఆసియా సర్పం. రెండూ ఇతర పాములను తింటాయి అన్నది మాత్రమే వీటి మధ్య పోలిక.

రంగులు ఏర్పడే విధానం

పాము చర్మంలో రంగును ఇచ్చే ప్రత్యేక కణాలను వర్ణక కణాలు అంటారు. వీటిలో ముఖ్యమైనవి మూడు రకాలు.

* మెలనోఫోర్‌లు: ఇవి మెలనిన్ అనే వర్ణకము వలన నలుపు, గోధుమ రంగులను ఇస్తాయి.
* జాంథోఫోర్‌లు: వీటిలోని టెరిడిన్‌లు, కెరోటినాయిడ్‌ల వలన పసుపు రంగు వస్తుంది. ఎరుపు రంగును ఇచ్చే ఇటువంటి కణాలను ఎరిత్రోఫోర్‌లు అంటారు.
* ఇరిడోఫోర్‌లు: వీటిలో వర్ణకము ఉండదు. గ్వానిన్ స్ఫటికాలు కాంతిని పరావర్తనం చెందించడం వలన తెలుపు, మెరుపు, కొన్ని సందర్భాలలో నీలి ఛాయ కలుగుతాయి.

ఈ కణాలు ఎక్కడ, ఎంత సాంద్రతతో అమరినవి అన్నదానిపై పాము ఒంటి మీది కట్లు, చారలు, మచ్చలు ఆధారపడతాయి. ఒక వర్ణకము తయారీలో లోపము ఏర్పడితే మిగిలిన వర్ణకాలు బయటపడతాయి. ఉదాహరణకు మెలనిన్ లేని కింగ్ స్నేక్ పూర్తిగా తెల్లగా ఉండదు. నల్లని కట్టు ఉండవలసిన చోట తెలుపు లేదా లేత గులాబీ రంగు, తెల్లని కట్టు ఉండవలసిన చోట పసుపు ఛాయ కనిపిస్తాయి. కట్ల అమరిక మాత్రము మారదు. అంటే రంగు వేరు, నమూనా వేరు. ఈ రెండింటినీ వేర్వేరు జన్యువులు నియంత్రించగలవు.

రంగు పుట్టుకతో పూర్తిగా స్థిరపడదు. ఫ్లోరిడా కింగ్ స్నేక్ పిల్లలు ముదురు రంగులో పుట్టి, వయస్సు పెరిగిన కొద్దీ లేత రంగుకు మారుతాయి. గుడ్లు పొదిగే కాలంలో ఉష్ణోగ్రత హెచ్చుతగ్గుల వలన కూడా నమూనా క్రమం తప్పవచ్చును. అటువంటి మార్పు జన్యు సంబంధమైనది కాదు కనుక తరువాతి తరానికి అందదు.

ప్రకృతిలో వర్ణ భేదాలు

పెంపక వంశాలలోని వైవిధ్యమంతా మనుషులు సృష్టించినది కాదు. దానికి మూలం ప్రకృతిలోనే ఉన్నది.

కాలిఫోర్నియా కింగ్ స్నేక్

ఈ పాము అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ భాగంలోను, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలోను నివసిస్తుంది. సాధారణంగా 75 నుండి 120 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఎక్కువ ప్రాంతాలలో ఇది నలుపు లేదా గోధుమ రంగు మీద తెలుపు లేదా పసుపు అడ్డ కట్లతో కనిపిస్తుంది. ఎడారి ప్రాంతాల పాములలో నలుపు, తెలుపు స్పష్టంగా ఉంటే, తీర ప్రాంతాల పాములలో గోధుమ, లేత పసుపు రంగులు ఎక్కువ. అయితే దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ డియాగో పరిసరాలలో కొన్ని పాములకు అడ్డ కట్లకు బదులు వీపు పొడవునా ఒక నిలువు చార ఉంటుంది.

ఈ రెండు రకాలను చాలాకాలం వేర్వేరు జాతులుగా భావించారు. చార గల పామును 1835లో బ్లాన్‌విల్ కాలిఫోర్నియే అనే పేరుతో వర్ణించాడు. కట్లు గల పాముకు 1853లో బెయిర్డ్, గిరార్డ్ అనే శాస్త్రజ్ఞులు బోయిలీ అని పేరు పెట్టారు. సుమారు ఎనభై సంవత్సరాలు ఈ విభజన కొనసాగినది.

దీనిని సరిచేసినవాడు లారెన్స్ క్లాబర్ (1883–1968). ఈయన వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. శాన్ డియాగోలోని గ్యాస్, విద్యుత్ సంస్థకు అధ్యక్షుడిగా పనిచేశాడు. తీరిక సమయంలో పాములను అధ్యయనం చేసి, రాటిల్ స్నేక్‌లపై 1956లో వెలువరించిన బృహద్గ్రంథంతో ప్రసిద్ధుడయ్యాడు. ఒకే తల్లి పెట్టిన గుడ్ల నుండి చారల పిల్లలు, కట్ల పిల్లలు కలిసి పుడుతున్నవని, కనుక ఇవి రెండు జాతులు కావని, ఒకే జాతిలోని రెండు నమూనాలని 1936లో ఆయన ప్రకటించాడు. శాస్త్ర నామాలలో ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యము కనుక కాలిఫోర్నియే అన్న పేరు నిలిచి, బోయిలీ అన్న పేరు తొలగిపోయినది.

తరువాత అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి చెందిన రిచర్డ్ జ్వైఫెల్ ఈ నమూనాల అనువంశికతను పెంపక ప్రయోగాలతో పరిశీలించి 1981లో ఫలితాలను ప్రచురించాడు. చారలు, కట్లు రెండూ కలగాపులగంగా ఉండే పాములు కూడా ఈ జాతిలో పుడతాయి. సగం శరీరం చారతో, సగం కట్లతో ఉండే పాములు, గీతలు చుక్కలుగా తెగిపోయిన పాములు ఈ కోవకు చెందినవి.

గ్రే బ్యాండెడ్ కింగ్ స్నేక్

టెక్సస్ పశ్చిమ భాగంలోను, దానిని ఆనుకొని ఉన్న మెక్సికోలోను నివసించే లాంప్రోపెల్టిస్ ఆల్టర్నా విషయంలోను ఇదే పొరపాటు జరిగినది. దీనిని 1901లో బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. బూడిద రంగు మీద సన్నని నల్లని కట్లు దీని లక్షణం. 1950లో వెడల్పైన నారింజ రంగు పట్టీలు గల పామును బ్లైరీ అనే పేరుతో వేరే జాతిగా వర్ణించారు. తరువాత ఒకే విడత గుడ్ల నుండి రెండు రూపాలూ పుట్టడంతో అవి ఒకే జాతి అని తేలినది. ఈ పేర్లు శాస్త్రములో తొలగినా, పెంపకందారుల వాడుకలో రెండు రూపాలకు గుర్తుగా మిగిలి ఉన్నవి.

వేరియబుల్ కింగ్ స్నేక్

మెక్సికో ఈశాన్య భాగంలోని ఈ పాముకు ఆ పేరే దాని వైవిధ్యము వలన వచ్చినది. దీనిని థాయర్ కింగ్ స్నేక్ అని కూడా అంటారు. ఒకే తల్లి పిల్లలలో కొన్ని మిల్క్ స్నేక్ వలె ఎరుపు, నలుపు, తెలుపు వలయాలతోను, కొన్ని లేత రంగు మీద ఎర్రని మచ్చలతోను, కొన్ని పూర్తి నలుపుగాను పుట్టవచ్చును.

మెక్సికన్ బ్లాక్ కింగ్ స్నేక్

మెక్సికోలోని సొనోరా ప్రాంతపు ఈ పామును 1955లో జ్వైఫెల్, నోరిస్ నిగ్రిటా అనే పేరుతో వర్ణించారు. ఇది పెరిగిన తరువాత తల నుండి తోక వరకు నిగనిగలాడే నలుపు రంగులో ఉంటుంది. పై పాముల వలె దీనిలో వైవిధ్యము లేదు. రంగులో ఏ మార్పూ లేకపోవడమే దీని విలువకు కారణం. గడ్డం కింద గాని, పక్కలలో గాని తెల్లని పొలుసులు ఉంటే పెంపకందారులు ఆ పామును తక్కువగా చూస్తారు, లేదా కాలిఫోర్నియా కింగ్ స్నేక్ రక్తము కలిసినదేమోనని అనుమానిస్తారు.

పెంపకములో ప్రధాన వర్ణ రూపాలు

పాములలో రంగు అనువంశికతను క్రమబద్ధంగా పరిశీలించినవారిలో అమెరికాకు చెందిన చర్మవైద్యుడు బెర్నార్డ్ బెక్టెల్ ముఖ్యుడు. కార్న్ స్నేక్ అనే పాములో ఆల్బినో లక్షణము మెండెల్ సూత్రాల ప్రకారం సంక్రమిస్తుందని ఆయన దంపతులు 1962లో నిరూపించారు. ఇదే సూత్రము కింగ్ స్నేక్‌లకు కూడా వర్తించినది. పంజరాలలో పెంచే కింగ్ స్నేక్‌లలో తరచుగా కనిపించే వర్ణ రూపాలు ఇవి.

* ఆల్బినో లేదా ఎమెలనిస్టిక్: మెలనిన్ పూర్తిగా లేనిది. కళ్ళు ఎర్రగా ఉంటాయి.
* లావెండర్: ఇది కూడా ఒక విధమైన ఆల్బినో రూపమే. నల్లని భాగాలు లేత ఊదా లేదా బూడిద కలిసిన గులాబీ రంగులో ఉంటాయి.
* హైపోమెలనిస్టిక్: మెలనిన్ తగ్గినది. నలుపు స్థానంలో గోధుమ రంగు కనిపిస్తుంది.
* ఎగ్జాంథిక్: పసుపు వర్ణకము లేనిది. పాము నలుపు, తెలుపు, బూడిద రంగులలో మాత్రమే ఉంటుంది.
* స్నో: ఆల్బినో, ఎగ్జాంథిక్ లక్షణాలు రెండూ కలిసినది. నలుపు, పసుపు రెండూ లేకపోవడంతో పాము దాదాపు తెల్లగా ఉంటుంది.
* హై వైట్: తెల్లని భాగము బాగా పెరిగి, నలుపు తగ్గిన రూపం.
* బనానా: పసుపు రంగు శరీరమంతా విస్తరించిన రూపం.

ఈ పేర్లు శాస్త్ర నామాలు కావు, వ్యాపారంలో పుట్టినవి. వీటికి అధికారికమైన నిర్ణయ సంస్థ లేదు. ఒకే రూపానికి రెండు పేర్లు, రెండు వేర్వేరు రూపాలకు ఒకే పేరు వాడుకలో ఉండడం కద్దు.

పై జాబితాలోని రూపాలు రెండు విధాలుగా ఏర్పడినవి. ఆల్బినో వంటివి ఒకే జన్యువులోని ఉత్పరివర్తనము వలన కలిగినవి. ఇవి ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. హై వైట్, బనానా వంటివి వరణాత్మక ప్రజననము వలన, అంటే ప్రతి తరంలోను ఎక్కువ తెలుపు లేదా ఎక్కువ పసుపు ఉన్న పిల్లలనే ఏరి జతపరచడం వలన క్రమంగా రూపొందినవి. మొదటి రకం లక్షణము కొన్ని తరాలు మరుగున పడి మళ్ళీ బయటపడవచ్చును. రెండవ రకం లక్షణము మామూలు పాముతో జతపరచిన వెంటనే పలచబడి, మధ్యస్థ రూపాలుగా విడిపోతుంది.

అనువంశికత

ఆల్బినో లక్షణము అంతర్గత లక్షణము. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు ఆల్బినో యుగ్మవికల్పకాలు కలిసినప్పుడే అది బయటకు కనిపిస్తుంది. ఒకటి మాత్రమే ఉన్న పాము మామూలు రంగులో ఉండి, ఆ లక్షణాన్ని లోపల దాచుకుంటుంది. దీనిని విషమయుగ్మజము అంటారు. పెంపకందారులు క్లుప్తంగా హెట్ అంటారు.

* ఆల్బినో, మామూలు పాము జతకడితే: పిల్లలన్నీ మామూలు రంగులో ఉంటాయి, అన్నీ హెట్‌లు.
* రెండు హెట్‌లు జతకడితే: సగటున నాలుగింట ఒక వంతు ఆల్బినోలు, సగం హెట్‌లు, నాలుగింట ఒక వంతు లక్షణమే లేనివి.
* ఆల్బినో, హెట్ జతకడితే: సగటున సగం ఆల్బినోలు, సగం హెట్‌లు.

ఇవి సగటు లెక్కలు మాత్రమే. కాలిఫోర్నియా కింగ్ స్నేక్ ఒక విడతలో సాధారణంగా 5 నుండి 12 గుడ్లు పెడుతుంది. రెండు హెట్‌ల సంతానంగా 8 పిల్లలు పుట్టినవనుకుంటే, వాటిలో ఒక్క ఆల్బినో కూడా లేకపోయే అవకాశం సుమారు 10 శాతం ఉన్నది. స్నో వంటి రెండు లక్షణాల కలయిక కావాలంటే ఇంకా కష్టం. రెండు లక్షణాలకూ హెట్‌లు అయిన జంటకు 16 పిల్లలలో సగటున ఒకటి మాత్రమే స్నో అవుతుంది. 8 పిల్లల విడతలో ఒక్క స్నో కూడా పుట్టకపోయే అవకాశం సుమారు 60 శాతం. పాములు పెరిగి జతకట్టడానికి రెండు మూడు సంవత్సరాలు పడుతుంది. కనుక రెండు వంశాల నుండి కొత్త కలయికను సాధించడానికి ఎన్నో సంవత్సరాల ఓపిక అవసరం.

రెండు హెట్‌ల సంతానంలో మామూలు రంగు పిల్లలను చూస్తే, వాటిలో ఏది హెట్ అన్నది కంటికి తెలియదు. ఆల్బినోలను పక్కన పెడితే మిగిలిన ప్రతి మూడింటిలో రెండు హెట్‌లు. అందువలన వీటిని 66 శాతం హెట్ అని అమ్ముతారు. పాములో లక్షణము 66 శాతం ఉన్నదని దీని అర్థం కాదు, హెట్ అయి ఉండే సంభావ్యత అంత అని మాత్రమే. కొన్నవారు నిజము తెలుసుకోవాలంటే దానిని ఒక ఆల్బినోతో జతపరచి చూడాలి. ఒక్క ఆల్బినో పిల్ల పుట్టినా అది హెట్ అని రుజువవుతుంది. ఎనిమిది పిల్లలూ మామూలుగా పుడితే, అది హెట్ అయి ఉండి కూడా అలా జరిగే అవకాశం 256లో 1 మాత్రమే.

రెండు ఆల్బినోలను జతపరచినా పిల్లలన్నీ మామూలు రంగులో పుట్టే సందర్భము కూడా ఉన్నది. మెలనిన్ తయారీలో అనేక జన్యువుల పాత్ర ఉంటుంది. తల్లి వంశంలో ఒక జన్యువు, తండ్రి వంశంలో మరొక జన్యువు దెబ్బతిన్నవైతే, ఒకరి లోపాన్ని మరొకరి జన్యువు సరిచేస్తుంది. పైకి ఒకే విధంగా కనిపించే రెండు వంశాలు లోపల వేర్వేరు అని ఈ విధంగా తెలుస్తుంది. కింగ్ స్నేక్‌కు దగ్గరి బంధువైన కార్న్ స్నేక్‌లో మెలనిన్ లేకపోవడానికి ఓసీఏ2 అనే జన్యువులోకి చేరిన ఒక అదనపు డీఎన్ఏ ఖండమే కారణమని 2015లో గుర్తించారు.

వంశ చరిత్ర ప్రాముఖ్యత

కింగ్ స్నేక్ పెంపకములో రెండు ధోరణులు కలవు. కొందరు కొత్త రంగుల కోసం వంశాలను కలుపుతారు. మరికొందరు ఒక ప్రాంతములో దొరికిన పాముల సంతానాన్ని అదే ప్రాంతపు పాములతో మాత్రమే జతపరచి, ప్రకృతిలోని రూపాన్ని మార్పు లేకుండా నిలపాలని చూస్తారు. గ్రే బ్యాండెడ్ కింగ్ స్నేక్ పెంపకములో ఈ రెండవ ధోరణి బలంగా ఉన్నది. ఆ పాము రాత్రివేళ కొండలను తొలిచి వేసిన రహదారుల వెంట కనిపిస్తుంది కనుక, పూర్వీకులు దొరికిన రహదారి లేదా ఊరి పేరుతోనే వంశాలను పిలుస్తారు.

ఇటువంటి వంశానికి విలువనిచ్చేది పాము కాదు, దానితో వచ్చే రాతపూర్వక వివరము. తల్లిదండ్రులు ఎవరు, వాటి పూర్వీకులు ఎక్కడివి, ఏ సంవత్సరం పుట్టినవి అన్న వివరాలు ఒకసారి పోతే పామును చూసి తిరిగి రాయడం సాధ్యము కాదు. ఒకే తల్లికి భిన్నమైన రూపాల పిల్లలు పుడతాయి కనుక రంగు దీనికి సాక్ష్యము కాజాలదు.

సంకరణము వలన ఈ సమస్య మరింత పెరిగినది. కింగ్ స్నేక్‌లు పంజరాలలో ఇతర ప్రజాతుల పాములతో కూడా జతకడతాయి. కాలిఫోర్నియా కింగ్ స్నేక్, కార్న్ స్నేక్‌ల సంకరమును జంగిల్ కార్న్ అంటారు. ఈ సంకర జీవులు గొడ్డువి కావు, తిరిగి పిల్లలను కనగలవు. వాటిని మరల కింగ్ స్నేక్‌తో కొన్ని తరాలు జతపరచితే పుట్టే పిల్లలు చూడడానికి కింగ్ స్నేక్‌ల వలెనే ఉంటాయి. వీటిని శుద్ధమైన వంశముగా అమ్మితే కొనేవారు కనిపెట్టడం కష్టం. అయితే సంకర జీవులను సంకరములని చెప్పి పెంచడంలో తప్పులేదని వాదించేవారు కూడా ఉన్నారు.

అంతఃప్రజననము మరొక సమస్య. ఒక కొత్త అంతర్గత లక్షణము సాధారణంగా ఒకే పాముతో మొదలవుతుంది. దానిని నిలపడానికి ఆ పామును దాని పిల్లలతోను, పిల్లలను తమలో తాము జతపరచవలసి వస్తుంది. దీని వలన కోరిన రంగుతో పాటు కోరని అంతర్గత లోపాలు కూడా కలిసి బయటపడే ప్రమాదమున్నది. దీనిని తగ్గించడానికి జాగ్రత్త గల పెంపకందారులు మధ్యమధ్యలో సంబంధము లేని మామూలు పాములతో జతపరచి, వచ్చిన హెట్‌ల నుండి తిరిగి ఆ రంగును రాబడతారు. దీనికి రెండు తరాల కాలము అదనంగా పడుతుంది.

గ్రాన్ కనారియా ద్వీపంలో

పెంపక వంశాల చరిత్రలో అన్నిటికంటె తీవ్రమైన పరిణామము ఈ పాముల స్వస్థలానికి చాలా దూరంలో జరిగినది. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా అట్లాంటిక్ మహాసముద్రంలో స్పెయిన్ దేశానికి చెందిన కనారీ ద్వీపాలు ఉన్నవి. ఈ ద్వీపాలలో సహజంగా పాములు లేవు. అక్కడి బల్లులు పాము అనే శత్రువును ఎరుగకుండా పరిణామము చెందినవి.

వీటిలో ఒకటైన గ్రాన్ కనారియాలో పెంపుడు జంతువులుగా తెచ్చిన కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌లు తప్పించుకొనడం వలన గాని, వదిలివేయడం వలన గాని బయట ప్రవేశించినవి. 1998లో మొదటిసారి వీటిని చూసినట్లు నమోదయినది. తరువాత అవి అక్కడ పిల్లలను కంటూ స్థిరపడినవని తేలినది. ఈ పాములు ఒకే చోట నుండి వ్యాపించినవి కావని, వేర్వేరు సందర్భాలలో విడిగా ప్రవేశించినవని జన్యు పరిశోధనలలో వెల్లడయినది.

వీటిలో కట్లు గలవి, చారలు గలవి, ఆల్బినోలు కూడా ఉన్నవి. ఇవి పంజరాల నుండి వచ్చినవి అనడానికి వాటి రంగే ఒక నిదర్శనం. ఆల్బినో పాము ప్రకృతిలో సులభంగా శత్రువుల కంట పడుతుంది కనుక బ్రతకదని సాధారణ అభిప్రాయం. గ్రాన్ కనారియాలో మాత్రం ఆల్బినోలు కూడా బ్రతికి, సంతానాన్ని పెంచుకొన్నవి. ఈ పాములు ఎక్కువ కాలం నేల కింద, రాళ్ళ సందులలో గడుపుతాయి కనుక పట్టుకొనడం కూడా కష్టమైనది.

వీటి ప్రభావముపై 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, పాములు వ్యాపించిన ప్రదేశాలలో ఆ ద్వీపపు స్థానిక సరీసృపాల సంఖ్య ఈ విధంగా తగ్గినది.

* గ్రాన్ కనారియా పెద్ద బల్లి (గల్లోషియా స్టెలీనై): 99 శాతానికి పైగా
* గ్రాన్ కనారియా నలికిరి (కాల్సిడెస్ సెక్స్‌లినియేటస్): 80 శాతానికి పైగా
* బోట్‌గర్ గోడబల్లి (టారెంటోలా బోట్‌గెరై): 50 శాతానికి పైగా

పెద్ద బల్లి పండ్లను తిని, గింజలను దూరప్రాంతాలకు చేరుస్తుంది. కనుక అది తగ్గితే ఆ గింజల మొక్కల వ్యాప్తి కూడా తగ్గుతుంది. ఐరోపా సమాఖ్య ధనసహాయంతో 2011 నుండి 2015 వరకు ఈ పాముల నియంత్రణకు ఒక ప్రత్యేక పథకం అమలు జరిగినది. ఆ తరువాత కూడా ప్రతి సంవత్సరం పాములను పట్టి తొలగిస్తున్నారు. ఇప్పటికి వేలకొలది పాములను తొలగించినా వాటిని నిర్మూలించడం సాధ్యపడలేదు.

చట్టాలు

* ఐరోపా సమాఖ్య 2022లో లాంప్రోపెల్టిస్ గెటులా పేరును హానికరమైన అన్యదేశ జాతుల జాబితాలో చేర్చినది. ఈ జాబితాలోని జంతువులను దిగుమతి చేయడం, పెంచడం, పిల్లలను పుట్టించడం, అమ్మడం నిషిద్ధం. అంతకుముందే ఇంట్లో పెంచుకొంటున్నవారు, అవి తప్పించుకొనకుండా, సంతానము కలగకుండా చూసే షరతుపై, వాటి జీవితకాలము ముగిసేవరకు ఉంచుకొనవచ్చును.
* కాలిఫోర్నియా రాష్ట్రములో స్థానిక సరీసృపాల వ్యాపారముపై ఆంక్షలు ఉన్నవి. ప్రత్యేక అనుమతితో పెంచి అమ్మదగిన స్థానిక పాములలో కాలిఫోర్నియా కింగ్ స్నేక్, గోఫర్ స్నేక్, రోజీ బోవా ఉన్నవి.

భారతదేశములో

కింగ్ స్నేక్‌లు భారతదేశములో సహజంగా లేవు. అయితే నలుపు మీద తెల్లని అడ్డ కట్లు గల కాలిఫోర్నియా కింగ్ స్నేక్ చిత్రాలను చూసినవారు దానిని మన కట్లపాముతో పోల్చుకొనే అవకాశమున్నది. కట్లపాము ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో సర్వసాధారణంగా కనిపించే అత్యంత విషపూరితమైన సర్పం. రాత్రివేళ ఇళ్ళలోకి వచ్చి, నేల మీద నిద్రిస్తున్నవారిని కాటు వేస్తుంది. కాటు వద్ద నొప్పి, వాపు ఎక్కువగా లేకపోవడం వలన చాలామంది దానిని గుర్తించక ప్రాణాలు కోల్పోతారు. కట్లు గల పామును చూసి విషము లేనిదని ఎన్నడూ భావించరాదు. కాటు వేసినప్పుడు ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను.

భారతదేశములోని స్థానిక పాములను పట్టి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. అన్యదేశ పాములను పెంచేవారు కూడా వాటిని బయట వదలరాదు. పాములే లేని ఒక ద్వీపములో కొన్ని పెంపుడు పాములు ఎంతటి నష్టము కలిగించగలవో గ్రాన్ కనారియా అనుభవము తెలియజేస్తున్నది.